మాటలు అచ్చు కాని పాట

పోయిన వారం టైలరమ్మను రికార్డుల షాపు మెట్ల దగ్గర వదిలిపెట్టాం. చేతిలో సంచి, సంచిలో ఆమె అతుకులు వేసి కుట్టిన చేతుల్లేని జీన్స్ కోట్లు, గుండెల్లో దడ. దడ కొత్తదేమీ కాదు. నాలుగేళ్ళ కిందట పెద్దకొడుకు పనిచేసే రాళ్ళ క్వారీలో, నీళ్ళు నిండిన పాత గుంట గట్టు మీద వాడి బూట్లు దొరికాయి. మనిషి దొరకలేదు. ఈతగాళ్ళు దిగి చూసి, ఎంత లోతుందో తమకే అంతుపట్టడం లేదని చేతులెత్తేశారు. మొగుడు ఎప్పుడో పోయాడు. పెద్దోడు అలా పోయాడు. ఇక మిగిలింది చిన్నోడు. ఆ చిన్నోడు డెత్ మెటల్ బ్యాండులో గొంతు చించుకుంటాడు. దాన్ని పాడటం అంటారని వాడే చెప్పాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ వారం రోజుల ముందు నెట్‌లోకి వెళ్ళింది, ఇవాళ రికార్డుగా షాపులోకి వచ్చింది. “నువ్వు మాత్రం రాకమ్మా, తలనొప్పి వస్తుంది” అని వాడు వారమంతా నసుగుతూనే ఉన్నాడు. అంతగా వద్దన్నాడంటే ఏదో ఉందని ఆమె వచ్చేసింది.

మెట్లు ఇరుకు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. నిప్పంటుకుంటే పైనున్న పిల్లలంతా ఎలా దిగుతారని మొదటి మెట్టు మీదే ఆమెకి బెంగ పట్టుకుంది. పైకి చేరేసరికి మనసులోనే సగంమందిని కాల్చేసి, మిగతా సగాన్ని కిటికీలోంచి దూకించేసింది.

లోపల అంతా నల్లచొక్కాల గుంపు. వీపుల మీద పుర్రెలు, ఎముకలు, ముళ్ళకంప పేర్చినట్టుండే అక్షరాలు. వాటిలో చాలావరకు ఆమె కుట్టినవే. అందుకే ఆమెని చూడగానే అందరూ డాక్టరమ్మకి తప్పుకున్నట్టు తప్పుకుని దారిచ్చారు.

చిన్నోడి బ్యాండులో డ్రమ్ములు వాయించే పిల్ల ఎగురుకుంటూ వచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. “ఆంటీ, నా కోటు ఉతకలేదు కదా?”

“లేదమ్మా తల్లీ. ముక్కు మూసుకుని కుట్టాను.”

ఒకసారి తెలియక ఉతికేసింది మరి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మంచి వాసన వచ్చేలా మడతపెట్టి ఇచ్చింది. ఆ పిల్ల కోటుని ముఖానికి ఆనించుకుని బావురుమంది. ఏళ్ళ తరబడి వెళ్ళిన కచేరీల చెమట, మట్టి, వాన అన్నీ అందులో ఉంటాయట. మెటల్ వినేవాళ్ళు అతుకుల కోటుని చచ్చినా ఉతకరట. అది విని టైలరమ్మ ఎంత హడలిపోయిందంటే, చివరికి ఆ పిల్లే కళ్ళు తుడుచుకుని ఈవిడని ఓదార్చాల్సి వచ్చింది.

“రా చెల్లెమ్మా, ఇలా కూర్చో” అన్నాడు షాపు యజమాని. పొట్ట దాకా దిగిన నెరిసిన గడ్డం ఆయనది. పిల్లలు గడ్డం బాబాయ్ అంటారు. చిన్నోడి వాళ్ళ ఆల్బమ్‌ని షాపు పేరు మీద బయటికి తెచ్చింది ఆయనే.

“చిన్నోడేడీ అన్నయ్యా?”

“వెనక గదిలో పెట్టెలు సర్దుతున్నాడు. తన పాట తను వినలేడట. మొదటి ఆల్బమ్ చేసినవాళ్ళందరికీ ఆ జబ్బు ఉంటుందిలే.”

“జబ్బా?” ఆమె చటుక్కున లేచింది.

“మాటవరసకన్నాను తల్లీ, కూర్చో.”

కొత్త రికార్డులు వచ్చిన రోజున ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఒక్కో ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా పెడతారు. అది తిరుగుతున్నంతసేపు ఎవరూ నోరెత్తకూడదు. దగ్గినా గుడ్లురుముతారు.

మొదట త్రాష్ అనే వేగమైన మెటల్ వాయించేవాళ్ళ కొత్త ఆల్బమ్ పెట్టారు. పెడల్ ఇరుక్కుపోయిన కుట్టుమిషన్‌లా అది ఒకటే పరుగు. సూది వేలిలో దిగబడేదాకా ఆగదేమోనని టైలరమ్మ బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది. అయితే కాసేపటికి ఆ పరుగులో ఒక క్రమం తెలిసింది. ఎక్కడా కుట్టు తప్పడం లేదు. ఫరవాలేదు, పనిమంతులే అనుకుంది.

తర్వాత పాతకాలపు హెవీ మెటల్ ముసలాళ్ళది. జుట్టు ఊడిపోయినా గొంతు ఊడిపోలేదు ఆ పాడేవాడికి. పైస్థాయిలో, ఒక్కో మాటా విడివిడిగా వినిపిస్తోంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి తన ఇంటి తలుపు తనే తడుతున్నాడు. లోపలివాళ్ళు దయ్యం అనుకుని తీయడం లేదు. టైలరమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. రికార్డుని రెండో వైపుకి తిప్పేటప్పుడు డ్రమ్ముల పిల్ల ఆమె చెవిలో గుసగుసలాడింది. “ఆంటీ, ఇది ఉషారు పాట. దీనికి అందరూ గెంతుతారు.”

“గెంతండమ్మా. నన్నిలా ఏడవనివ్వండి.”

మూడోది చిన్నోడి వాళ్ళది. గడ్డం బాబాయ్ దాన్ని అట్టలోంచి తీసేటప్పుడు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు కింద అరచెయ్యి పెట్టాడు. ఆల్బమ్ పేరు ‘లోతు’. అట్ట మీద నల్లటి నీళ్ళ బొమ్మ. మనిషి లేడు, పక్షి లేదు, అల కూడా లేదు. టైలరమ్మకి అరికాళ్ళు చల్లబడ్డాయి. లోపల పాటల మాటలు అచ్చువేసిన కాగితం ఉంది. నాలుగు పాటలకి మాటలున్నాయి. ఐదో పాటకి ‘గట్టు’ అని పేరుంది, దాని కింద ఉత్త తెల్లకాగితం.

“దీనికి మాటలేవమ్మా?” అని మెల్లగా అడిగింది.

“వాడు ఇవ్వలేదాంటీ. మాక్కూడా తెలీదు. గుచ్చి గుచ్చి అడిగితే, మాటల్లేవు, ఉత్త అరుపులే అన్నాడు.”

సూది దిగింది. డ్రమ్ములు కొండరాళ్ళు దొర్లినట్టు దొర్లాయి, వాటి మీదుగా చిన్నోడి గొంతు లేచింది. మనిషి గొంతులా లేదు. మూతపెట్టిన బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. ఆ గొంతు విన్న కొత్తలో ఆమె వాడిని చెయ్యి పట్టి గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన లైటు వేసి చూసి, “అబ్బాయి గొంతు బంగారంలా ఉందమ్మా, బీపీ మీకే ఎక్కువుంది” అన్నాడు.

కాగితం మీద వేలు పెట్టుకుని ఆమె మొదటి పాట వెంట వెళ్ళింది. రెండో పాట సగంలో వేలు తీసేసింది. కాగితం అవసరం లేదు. మాట మాటా తెలిసిపోతోంది. చుట్టూ చూసింది. అందరూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు తప్ప, ఎవరికీ ఒక్క ముక్క తెలుస్తున్నట్టు లేదు.

ఎందుకు తెలుస్తుంది? చిన్నోడు అంగిట్లో చీలికతో పుట్టాడు. కుట్లు వేయించినా బడికెళ్ళే వయసు దాటేదాకా వాడి మాట ముక్కులోంచి గాలిలాగే వచ్చేది. టీచరుకి అర్థమయ్యేది కాదు, పక్కింటివాళ్ళకి అర్థమయ్యేది కాదు, కన్న తండ్రికే అర్థమయ్యేది కాదు. ఆ గాలిలోంచి మాటలు ఏరుకోవడం ఇద్దరికే వచ్చు. ఒకరు తల్లి. ఇంకొకరు పెద్దోడు. ఎక్కడికెళ్ళినా ఇద్దరిలో ఒకరు వాడి పక్కన నిలబడి, వీడేమంటున్నాడంటే, అని లోకానికి చెప్పాల్సి వచ్చేది. ఆ విద్య ఇన్నేళ్ళయినా ఆమె చెవుల్లోంచి పోలేదు.

ఐదో పాట మొదలైంది.

డ్రమ్ములు లేవు. ఒక్క తీగ, నీటిబొట్టు పడ్డట్టు, ఆగి ఆగి మోగింది. దాని కింద, ఎక్కడో అడుగున, చిన్నోడి గొంతు బురదలోంచి లేచినట్టు లేచింది.

బూట్లు గట్టున పెట్టింది నేనే
నీళ్ళకి నీ పేరు చెప్పింది నేనే
అమ్మ నేలబడి ఏడుస్తుంటే
పక్కన నిలబడి నీళ్ళలోకి చూసింది నేనే

గదిలో అందరి తలలూ ఒక్కసారిగా, నెమ్మదిగా ఊగాయి. అవునవును అని ఒప్పుకుంటున్నట్టు ఊగాయి. డ్రమ్ముల పిల్ల కళ్ళు మూసుకుని చిరునవ్వు నవ్వుతోంది. టైలరమ్మకి గది గోడలు తడిసినట్టు, నేల మీద నీళ్ళు చేరి మడమల దాకా వచ్చినట్టు అనిపించింది. ఆమె లేచింది. ఎవరి కాలో తొక్కింది. తిన్నగా వెళ్ళి, తిరుగుతున్న రికార్డు మీది సూదిని చేత్తో పట్టి లాగేసింది.

ఆ చప్పుడుకి షాపంతా మూలిగింది. గడ్డం బాబాయ్ తన చెంప మీద కొట్టినట్టు ముఖం పట్టుకున్నాడు. “చెల్లెమ్మా! ఏం పని ఇది!”

వెనక గది తలుపు తెరుచుకుంది. చిన్నోడు. వేళ్ళకి అంటించే టేపు ముక్కలు వేలాడుతున్నాయి. అమ్మ ఎందుకొచ్చింది అని అడగలేదు వాడు. రికార్డుకేమైంది అనీ అడగలేదు.

“ఏ పాట దగ్గర?” అన్నాడు.

ఆమె వాడిని దాటుకుని వెనక గదిలోకి వెళ్ళింది. వాడు వెంట వచ్చి తలుపేశాడు.

నిలువెత్తు అట్టపెట్టెలు, ఒక బల్ల, దాని మీద పాటల కాగితాల దొంతర, ఊచల కిటికీ. తలుపు మీదా కిటికీ మీదా కన్నువేసి, తప్పించుకునే దారి చూసుకోవడం ఆమెకి అలవాటు. ఈసారి చూడలేదు. వాడి చేతులకేసే చూసింది. బూట్లు మోసిన చేతులు.

“వాడిని ఏం చేశావురా?”

“ఏంటమ్మా నువ్వు...”

“బూట్లు గట్టున పెట్టింది నేనే అన్నావు. నీళ్ళకి నీ పేరు చెప్పింది నేనే అన్నావు. నేను ఏడుస్తుంటే పక్కన నిలబడ్డానన్నావు.” కొలతలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది.

వాడు వెనక ఉన్న పెట్టె మీద కూలబడ్డాడు. “నీకు... అర్థమైందా?”

“కాకుండా ఎలా ఉంటుందనుకున్నావురా? నీ నోట్లో మాట నిలవని రోజుల్లో నీకు ఆకలో దప్పికో వీధి మొత్తానికి చెప్పిందెవరు?”

“నువ్వూ, అన్నా.”

“వాడి ఊసెత్తకు. ముందు అడిగినదానికి చెప్పు. నీళ్ళలోకి తోశావా?”

ఆ మాట ఆమె వెనక్కి తీసుకోలేదు. చిన్నోడు నోరు తెరుచుకుని చూశాడు. నవ్వబోయి, నవ్వలేక, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఎంత దూరం వెళ్ళిపోయావే అమ్మా!”

“దగ్గర్లో ఆగడం నాకు రాదు కదరా. చెప్పు.”

“తోయలేదు. బస్సెక్కించాను.”

కిటికీ అవతల ఏదో బండి వెళ్ళింది. ఊచల నీడ గోడ మీద పాకి ఆగింది.

“ఎవర్ని?”

“అన్నని. బతికున్న అన్నని. నా చెప్పులు తొడిగి బస్సెక్కించి, వాడి బూట్లు తెచ్చి గట్టున పెట్టాను.”

చిన్నోడు ఆగకుండా చెప్పుకుపోయాడు, ఆగితే మళ్ళీ నోరు పెగలదన్నట్టు.

“క్వారీలో రాయి పేల్చేటప్పుడు ఒక కూలీ పోయాడు, గుర్తుందా? హెచ్చరిక ఈల వెయ్యకుండా పేల్చేశారు. యజమాని ఏమో ఆ కూలీ తాగొచ్చాడని రాయించాడు. అన్న పక్కనే ఉండి చూశాడు. ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. తర్వాత ఇద్దరు మనింటికొచ్చారు. చొక్కాలకి కొలతలిచ్చారు నీకు.”

“ఇచ్చారు.” అంది ఆమె. “ఒకడి మెడ లావు. చొక్కాలు తీసుకోవడానికి రానేలేదు.”

“వాళ్ళే. సాయంత్రం అన్నని దారిలో ఆపి అన్నారట, మీ అమ్మ వేళ్ళు భలే చురుగ్గా ఆడతాయిరా, మిషన్ దగ్గర జాగ్రత్తగా ఉండమను అని. నీకో తమ్ముడు కూడా ఉన్నాడుగా అన్నారట.”

టైలరమ్మ తన పదివేళ్ళూ చంకల్లో దాచుకుంది. ఆ లావు మెడ చుట్టూ కొలత టేపు చుట్టి, బిగుతుగా ఉందా బాబూ అని తనే అడిగింది. అవునమ్మా, ఇంకొంచెం వదులు పెట్టు అని వాడన్నాడు.

“నేను చచ్చానని నమ్మితేనే మిమ్మల్ని వదిలేస్తారన్నాడు అన్న. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు.”

“సరే. వినలేదు. మరి నాకెందుకు చెప్పలేదు?”

చిన్నోడు వేలికంటిన టేపు పీకుతూ కూర్చున్నాడు.

“నిన్నేరా అడుగుతున్నది. పక్కనే ఉన్నావు. ఒకే గిన్నెలో వండిపెట్టాను. ఒక్క రాత్రి, నా చెవిలో, ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు ఏడవాలి గనక.”

ఆమె అర్థం కానట్టు చూసింది.

“అన్నే అన్నాడమ్మా. అమ్మకి తెలిస్తే నటించలేదు, ముఖంలో దొరికిపోతుంది. అమ్మ నిజంగా ఏడిస్తే ఎవడైనా నమ్ముతాడు అన్నాడు. ఆ ఇద్దరూ వచ్చారు. గట్టు మీద జనంలో నిలబడ్డారు. నీళ్ళ వంక కూడా చూడలేదు. నిన్నే చూశారు. నువ్వు మట్టి పిడికిళ్ళతో తీసి నెత్తిన పోసుకుంటుంటే చూసి, ఒకడి భుజం ఒకడు తట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ మన గుమ్మం తొక్కలేదు.”

అవతల షాపులో ఎవరో ఏదో రికార్డు పెట్టబోయి, ఇంకెవరో వద్దన్నట్టున్నారు. చిన్న గుసగుస వినిపించి ఆగిపోయింది.

“నా ఏడుపుని గుమ్మంలో కాపలా కుక్కలా కట్టేశారన్నమాట అన్నదమ్ములు” అంది టైలరమ్మ.

“అమ్మా...”

“బాగా కాసింది. ఒక్క రోజు కూడా పని ఎగ్గొట్టలేదు.” ఆమె నవ్వింది. ఆ నవ్వుకి చిన్నోడు భయపడ్డాడు. “ఆ బూట్ల లేసులు ముడేసి ఉన్నాయిరా. ఈతకి దిగేవాడైనా, చావడానికి దిగేవాడైనా, బూట్లు విప్పి మళ్ళీ లేసులు ముడేస్తాడా?”

వాడు తలొంచుకున్నాడు. “వేలాడుతుంటే మోయడం కష్టంగా ఉందని నేనే ముడేశాను. తర్వాత గుర్తొచ్చి నిద్రపట్టలేదు. ఎవరైనా అడుగుతారేమో అని. ఎవరూ అడగలేదు.”

“నేను చూశాను. నాలుగేళ్ళూ ఆ ముడి చూస్తూనే ఉన్నాను. చూసి, అడగకుండా ఊరుకున్నాను. అడిగితే నువ్వేం చెప్తావోనని.” వాడి తల పైకెత్తి అడిగింది, “ఇప్పుడెక్కడున్నాడు వాడు?”

“తెలీదు.”

“తెలీదేంట్రా! ఫోనో, కబురో...”

“అంతా సద్దుమణిగాక నేనే పిలుస్తా అన్నాడు. పిలవలేదు. బస్సు కదిలినప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అదే ఆఖరు. అందుకేనమ్మా ఈ పాట.”

అప్పుడు చెప్పాడు చిన్నోడు అసలు సంగతి. క్వారీ యజమాని ఇంకేదో కేసులో లోపలికి పోయాడు. క్వారీ మూతపడింది. కానీ ఆ ఇద్దరూ బయటే తిరుగుతున్నారు. ఇక రావచ్చు, కానీ చూసుకుని రా అని అన్నకి ఎలా చెప్పాలి? పేపర్లో వెయ్యలేడు, నెట్‌లో రాయలేడు. ఒకటే తెలుసు వాడికి. అన్న ఎక్కడున్నా, ఏ పేరుతో ఉన్నా, కొత్త మెటల్ ఆల్బమ్ వచ్చిందంటే వినకుండా ఉండలేడు. త్రాష్ అయినా, పాతకాలపుదైనా, డెత్ అయినా, వారం వారం వచ్చినవన్నీ వెతికి వెతికి వినేవాడు. వీడికి ఈ పిచ్చి అంటించిందే వాడు. ఇయర్‌ఫోన్లలో ఒకటి తను పెట్టుకుని, ఒకటి తమ్ముడికిచ్చి, మాట సరిగా రాకపోతే ఏంరా, ఇందులో ఎవరికీ మాట సరిగా ఉండదు, చూడు ఎంత బాగుందో అన్నాడట.

“ఆ గొంతులో ఏం చెప్పినా లోకంలో ఒక్కడికే తెలుస్తుంది, వాడికి. అదే నా లెక్క. నిన్ను లెక్కలో మర్చిపోయానమ్మా.”

“నన్ను మర్చిపోయాడంట!” ఆమె వాడి నెత్తిన ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి అక్కడే జుట్టులో ఉండిపోయింది. “మిగతాది చెప్పు. సూది తీసేశాక ఇంకా ఉంది కదా పాట.”

చిన్నోడు గొంతు సవరించుకున్నాడు. మామూలు గొంతుతో, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

గట్టు మీద ఇప్పుడు గడ్డి మొలిచింది
రాళ్ళు కొట్టే చప్పుడు ఆగిపోయింది
రెండు నీడలు ఇంకా తిరుగుతున్నాయి, చూసుకుని నడువు
నీ భుజాల కొలత అమ్మకింకా గుర్తుంది, ఇంటికి రా

సంతోషం రావాలి కదా ఆ తల్లికి? వస్తుందనే ఆమె ఎదురుచూసింది. దాని బదులు వేరేది వచ్చింది. నీళ్ళ అడుగునున్న కొడుక్కి జ్వరం రాదు. లారీ గుద్దదు. వాడు ఆకలితో పడుకోడు, ఎవడి చేతిలోనూ దెబ్బలు తినడు. నాలుగేళ్ళుగా పెద్దోడి విషయంలో ఆమె భయపడటానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క మూల మాత్రమే మనసు గడ్డకట్టి, కదలకుండా ఉంది. ఇప్పుడు వాడు బతికున్నాడన్న మరుక్షణం, లోకంలో ఉన్న లారీలన్నీ వాడి మీదికే బయల్దేరాయి. నీళ్ళన్నీ, మెట్లన్నీ, కరెంటు తీగలన్నీ, లావు మెడలవాళ్ళందరూ.

“వాడు విన్నాడంటావా?” అంది.

“తెలీదమ్మా. వింటే ఫోనైనా చెయ్యాలి కదా. వారమైంది.”

తలుపు మీద ఎవరో గోటితో కొట్టారు. గడ్డం బాబాయ్ తల లోపలికి వచ్చింది. తర్వాత గడ్డం వచ్చింది. చేతిలో ఫోను ఉంది, దాని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“చెల్లెమ్మా, ఎవరో ఆడమనిషి. ఆల్బమ్ కింద మన షాపు నంబరు చూసి చేస్తోందట. పాడిన అబ్బాయి వాళ్ళమ్మ నంబరు కావాలంది. ఇక్కడే ఉందన్నాను.”

“ఎవరు ఏమిటని అడక్కుండా ఇక్కడుందని చెప్పేశారా!” ఆమె ప్రాణాలు పైకే పోయాయి.

“ఆడమనిషే కదా అని...”

చిన్నోడు వద్దని తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు ఆడవాళ్ళ చేత కూడా చేయించగలరు, తియ్యొద్దు అని పెదాలతో అన్నాడు. టైలరమ్మ గడ్డం బాబాయ్ చేతిలోంచి ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది. హలో అనలేదు. భయపడితే ఆమె అలాగే ఊపిరి బిగబట్టి వింటుంది.

అవతల ఒక పసిబిడ్డ గునుస్తోంది. దాన్ని జోకొడుతున్న అరచేతి చప్పుడు. తర్వాత, నిద్రలేని గొంతు, లేతది.

“అత్తయ్యా...”

ఆమెని ఆ వరసతో పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు. రాంగ్ నంబరమ్మా అనబోయింది.

“మీకు నేను తెలీదు అత్తయ్యా. మీ పెద్దబ్బాయి మీ గురించి రోజూ చెప్తారు. చిన్నబ్బాయి పాట విన్నారు. విన్న రాత్రంతా గోడకి తిరిగి కూర్చున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెల్లారాక ఒక్కో మాటా విడమరిచి చెప్పారు.” బిడ్డ ఏడుపు పెద్దదైంది. “నేనూ వస్తానన్నాను. వద్దు, ముందు నేనెళ్ళి అమ్మ కాళ్ళ మీద పడాలి అన్నారు. సోమవారం పొద్దున్నే బస్సెక్కారు. రాత్రికల్లా మీ ఇంట్లో ఉంటానన్నారు.”

ఆ రోజు శనివారం.

“చేరారా అత్తయ్యా?”